మొహం కడుక్కుని రాకండి

జూన్ 1, ఆదివారం

నేను ఎవరి మొహంలోనూ వంకలు వెతకను. ఈ ఇంట్లో ఆ మాట నమ్మే మనిషి ఒక్కరూ లేరు కనక ఇక్కడ రాసుకుంటున్నాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర వదిన నాకెదురుగా కూర్చుంది. కిటికీలోంచి వచ్చిన వెలుతురు సరిగ్గా ఆమె నుదుటి మీద పడింది. కనుబొమల పైనుంచి ముక్కు కొస దాకా సన్నటి మెరుపు, చెంపలు మాత్రం పొడిగా. పాఠ్యపుస్తకంలో రంగులేసి చూపించే బొమ్మ లాంటి మొహం. చూశాను. కాస్త ఎక్కువసేపే చూశానేమో. ఆమె తింటున్నది ఆపి, లేచి వెళ్లి, మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది.

భోజనాలయ్యాక అమ్మ వంటింట్లో నన్ను పట్టుకుంది.

"కొత్తగా వచ్చిన పిల్ల. అలా గుచ్చి గుచ్చి చూస్తే ఏమనుకుంటుంది?"

"నేనేమన్నానమ్మా?"

"నువ్వు నోటితో అనక్కర్లేదు. నీ కళ్లే అనేస్తాయి."

అన్నయ్య గుమ్మానికి ఆనుకుని, "మా ఇంట్లో జిడ్డు ఇన్‌స్పెక్టరు ఉందని పెళ్లికి ముందే చెప్పి ఉండాల్సింది" అన్నాడు. నాన్న పేపర్లోంచి తలెత్తకుండానే నవ్వారు. వదిన కూడా నవ్వింది, తువాలు మొహానికి అడ్డం పెట్టుకుని.

నా పనే అది. మొహాలకి పూసే క్రీములూ లోషన్లూ అంగట్లోకి రాకముందు వాటి పనితనం మనుషుల మీద కొలిచే ల్యాబు మాది. పగలంతా నుదుళ్లూ ముక్కులూ చూసిన కళ్లు ఇంటికి రాగానే మూతబడవు. బట్టలకొట్లో పనిచేసేవాడు ఎదుటివాడి చొక్కా గుడ్డ చూడడా? వాడినెవరూ పొగరుబోతు అనరే.

నాన్న నన్ను బొంగరం అంటారు. "తిరిగినంతసేపే నిలబడుతుంది, ఆగిందా పడిపోతుంది" అని ఇంటికొచ్చిన వాళ్లకి వివరణ కూడా ఇస్తారు. ఇంతకుముందు రెండు ఉద్యోగాలు మానేశాను కదా, అందుకు. ఒకచోట చెయ్యడానికి పనే లేదు. ఇంకోచోట చేసిన పని చూసేవాళ్లు లేరు. అవి కారణాలు కావట, నా కాళ్లలో చక్రాలున్నాయట. ఇది కూడా మానేస్తే మామయ్య పంపుసెట్ల షాపులో కౌంటరు దగ్గర కూర్చోవాలని ముందే ఒప్పందం.

మానను. వచ్చే నెల మొదట్లో నన్ను పర్మనెంటు చేస్తారు. అలా పర్మనెంటు అయినవాళ్లలో ఒకరిని ఏడాది శిక్షణకి వేరే ఊళ్లోని పెద్ద ల్యాబుకి పంపుతారు. నీ పేరే రాస్తాను అని మా ల్యాబు పెద్ద, మేడం, అన్నారు. వేరే ఊరు. నా గది. నా తాళం. ఇంట్లో చెప్తే "చూద్దాంలే" అన్నారు.


జూన్ 3

కొత్త లోషన్ పరీక్ష మొదలైంది. రాత్రిపూట పూసుకునేది. "సీబమ్ తగ్గిస్తుంది" అని సీసా మీద వేసుకోవాలని కంపెనీ ఆశ. తగ్గిస్తుందో లేదో నెల్లాళ్లు చూసి మేం చెప్పాలి. లోషన్ వాడని వాళ్లని కూడా పక్కన పెట్టి పోల్చాలి కదా అని అడిగాను. అంత హంగామా కంపెనీ ఒప్పుకోదట. ముందు కొలవాలి, మధ్యలో కొలవాలి, చివర కొలవాలి, అంతే.

ఏసీ పెట్టిన చల్లగది సర్దుతుంటే మేడం పిలిచారు.

"వచ్చినవాళ్ల దగ్గర జిడ్డు అనే మాట వాడకు. సీబమ్ అను. అదేంటని అడిగితే చర్మంలో తయారయ్యే ఒక పదార్థం అని చెప్పి ఊరుకో."

"అర్థమయ్యే మాట చెప్తే తప్పేంటి మేడం?"

"జిడ్డు కొలుస్తామన్నావనుకో, సబ్బు పెట్టి రుద్దుకుని మరీ వస్తారు. సీబమ్ కొలుస్తామంటే బీపీ చూపించుకున్నట్టు దర్జాగా కూర్చుంటారు. మనకి కావాల్సింది కడగని మొహాలు."

నాకీ మాట నచ్చలేదు. సీబమ్ అంటే ఏమైనా పూజ్యమైన మాటా? పాత లాటిన్‌లో పశువుల కొవ్వు అని దాని అర్థం. వత్తి వేసి వెలిగించుకునే కొవ్వు. అంటే అది ఆ భాష జిడ్డే. దూరం నుంచి వచ్చింది కదా అని మనం దానికి కోటు తొడిగాం. "నాకు షుగరుంది" అని బస్సులో పక్కవాడికి కూడా చెప్పుకునే మనిషి, అదే సంగతి సొంత మాటల్లో చెప్పాల్సి వస్తే నోరు మెదపడు.

సరే, చెప్పినట్టే చేశాను. తెల్లవారాక మొహం కడుక్కోకుండా రమ్మన్నాం. వచ్చినవాళ్లని చల్లగదిలో అరగంట కూర్చోబెట్టి, చెమట ఆరాక నుదుటి మీద మసక టేపు నొక్కిపట్టాలి. కాగితం మీద నూనె చుక్క పడితే అవతలి అక్షరాలు కనిపిస్తాయి చూడు, అలాగే జిడ్డు అంటినకొద్దీ టేపు తేటపడుతుంది. ఎంత తేటపడిందో మిషన్ అంకె వేస్తుంది.

చాలామంది వచ్చారు. గుర్తుండేది ముగ్గురు.

బస్సు డ్రైవరుగారు కూర్చోగానే, "ఏంటమ్మా, నుదుటి మీద స్టాంపు వేస్తున్నావు, నన్నెక్కడికైనా పోస్టు చేస్తావా?" అన్నారు.

"సీబమ్ చూస్తున్నామండీ."

"ఎక్కువుంటే మంచిదా, తక్కువుంటే మంచిదా?"

"ఎవరిది వాళ్లకి మంచిదేనండీ."

"అయితే నాకే ఫస్టు రావాలి. పొద్దస్తమానం ఇంజను పక్కన కూర్చునేవాణ్ణి."

ఆయనకే వచ్చింది. టైలరమ్మ టేపు నొక్కినంతసేపూ ఊపిరి బిగబట్టి కూర్చుంది, కుట్టు తప్పుతుందేమో అన్నట్టు. లెక్కల మాస్టారు మాత్రం వదల్లేదు.

"సీబమ్ అంటే ఏమిటమ్మా?"

"చర్మంలో తయారయ్యే ఒక పదార్థమండీ."

"పదార్థం అంటే ఈ బల్ల కూడా పదార్థమే."

నవ్వు ఆపుకోవడం కష్టమైంది. ఎవరూ సిగ్గుపడలేదు. మెరిసిపోయే మొహాలతో వరసగా కూర్చుని ఫ్యాను రెక్కల గురించీ పిల్లల చదువుల గురించీ మాట్లాడుకున్నారు. మేడం అన్నది నిజమే కావచ్చు. నచ్చలేదంతే.


జూన్ 6

వదిన నాతో మాట్లాడుతోంది. పక్కకి తిరిగి మాట్లాడుతోంది.


జూన్ 10

ఈ రోజు ఒక మంచి పని చేశాను.

కొలతలు లేవు. సీసాలో లోషన్ ఎంత వాడారో తూకం వేసి కొత్త సీసా ఇచ్చే రోజు. ముగ్గురూ ఒకేసారి వచ్చారు. మాస్టారు కుర్చీ ముందుకి లాక్కుని కూర్చున్నారు.

"నెల్లాళ్లు నా మొహం మీద నువ్వు కొలిచేది ఏమిటో నాకే తెలియకపోతే ఎలాగమ్మా? మా పిల్లలు అడుగుతున్నారు. బల్ల అని చెప్పమంటావా?"

ఇంక ఊరుకోలేకపోయాను. "మన జిడ్డేనండీ మాస్టారూ. అంతకన్నా ఏం లేదు" అన్నాను.

డ్రైవరుగారు పగలబడి నవ్వారు. "మా ఆవిడ నన్ను జిడ్డు మొహం అంటే ఊరికే అంటోందనుకున్నాను. ఎంత జిడ్డో రాసివ్వమ్మా, సర్టిఫికెట్టు పట్టుకెళ్తాను."

"అయితే ఆ రోజు నా జిడ్డు మొహాన్ని భూతద్దంలో పెట్టి చూశావా తల్లీ" అని టైలరమ్మ చేతిరుమాలుతో నుదురు అద్దుకుంది.

అప్పుడు వాళ్లకి అంతా చెప్పాను. జిడ్డంటే మురికి కాదని. చెమట వేరు, ఇది వేరని. ప్రతి వెంట్రుక మొదట్లో చిన్న సంచిలాంటి గ్రంథి ఉంటుందని, అందులో కణాలు నూనెతో నిండి నిండి చివరికి పగిలిపోతాయని, ఆ పగిలిన కణాలే ఈ నూనె అని. అది లేకపోతే చర్మం ఎండిన మట్టిలా బీటలు వారుతుందని. మాస్టారు శ్రద్ధగా విన్నారు. "ఇంత చిన్న సంగతికి అంత పెద్ద పేరెందుకు?" అన్నారు. నేనూ అదే అన్నాను.

వెళ్లేటప్పుడు ముగ్గురూ నా పేరు అడిగారు. ఇన్నాళ్లూ "ఏమ్మా" అనేవారు. మనుషులతో మనుషుల్లా మాట్లాడితే ఇలా ఉంటుంది. మేడానికి చెప్పలేదు. చెప్పేంత సంగతి కాదు.


జూన్ 17

రెండో కొలతలు. తగ్గాయి. కాస్తా కూస్తా కాదు, చాలామందికి సగానికి సగం. టేపు తీసి చూస్తే ఇంకా మసగ్గానే ఉంది. డ్రైవరుగారి అంకె చూసి మిషనే తప్పేమోనని ఇంకోసారి పెట్టాను. మళ్లీ అంతే.

మేడం నా భుజం తట్టారు. టీ తెప్పించారు. కంపెనీవాళ్లకి ఫోన్ చేసి మాట్లాడుతూ నా వైపు చూసి వేలు పైకెత్తి చూపించారు. ఇన్నేళ్లలో ఇలాంటి ఫలితం రాలేదట. "నీ చెయ్యి మంచిదే" అన్నారు.

అందరూ ఉల్లాసంగా ఉన్నారు. డ్రైవరుగారు తల నున్నగా దువ్వుకుని వచ్చారు. టైలరమ్మ తన చేత్తో కుట్టిన చిన్న గుడ్డసంచి నాకిచ్చింది. మాస్టారు వాళ్ల అబ్బాయి నేను చదివిన కాలేజీలోనే చదువుతున్నాడట.

గదిలో ఏదో సబ్బు వాసన. నేల తుడిచే మందు మార్చినట్టున్నారు.


జూన్ 18

లోషన్ పనిచేస్తోంది. ఎందుకు పనిచెయ్యకూడదు?


జూన్ 19

ఇంట్లో చెప్పాను. అన్నయ్య, "ఆ లోషనేదో మీ వదినకి ఒక సీసా తెచ్చిపెట్టు" అన్నాడు. వదిన వాడి వైపు చూసిన చూపుకి వాడికి లోషన్ కాదు, కట్టు కట్టాల్సి వచ్చేది.


జూన్ 22, ఆదివారం

స్నేహితురాలిని కలవడానికి వెళ్లి, ఆమె ఇంట్లో లేకపోవడంతో వెంటనే తిరిగొచ్చాను. గేటు చప్పుడుకి లోపల కుళాయి తిప్పిన చప్పుడు. నేను చెప్పులు విడిచేలోపు వదిన తడి మొహంతో హాల్లోకి వచ్చింది.

ఇంట్లో ఇంకెవరూ లేరు. అడిగేశాను.

"నేనొచ్చినప్పుడల్లా మొహం కడుక్కుంటున్నావెందుకు వదినా?"

"నువ్వు చూస్తావుగా."

"బజారుకెళ్తే అందరూ చూస్తారు."

"వాళ్లెవరో నాకేం తెలుసు? ముక్కూ మొహం తెలియనివాళ్లు చూస్తే ఎంత, చూడకపోతే ఎంత. పొద్దున ఇలాగే వెళ్లి కూరలు తెచ్చాను. నువ్వలా కాదు. తెలిసినదానివి. పైగా అది ఏంటో కూడా నీకు తెలుసు. నీ ముందు ఇలా కూర్చోవాలంటే ఏదోలా ఉంటుంది."

"నేను తప్పుగా అనుకుని చూడట్లేదు."

"నాకు తెలుసు. తెలిసినా కడుక్కుంటాను" అంది. తువాలుతో మెడ తుడుచుకుంటూ, మొదటిసారి నా కళ్లలోకి చూసి, "నీకు కోపమొచ్చిందా?" అంది.

కోపం రాలేదు. సబ్బు వాసన వచ్చింది, పోయిన మంగళవారం చల్లగదిలో వచ్చినదే. నేల తుడిచే మందు వాసన కాదది.

ఇంక రాయను ఈ రోజు.


జూన్ 23

రేపు సీసాలు తూకం వేసే రోజు. అడగాలని ఏమీ లేదు. సరదాగా అడుగుతాను.


జూన్ 24

సరదాగానే అడిగాను.

"డ్రైవరుగారూ, పోయినవారం కొలతల రోజు మొహం కడుక్కుని వచ్చారా?"

"అబ్బే. కడుక్కోవద్దన్నారుగా. బయట కుళాయి దగ్గర తుడుచుకున్నానంతే."

"ఎందుకండీ?"

ఆయన ఇబ్బందిగా కదిలారు. "మొదటిసారి నువ్వెవరో, అదేంటో నాకు తెలియదు. ఇప్పుడు తెలిసి తెలిసి జిడ్డు మొహాన్ని నీ చేతికెలా అప్పగిస్తానమ్మా? మా అమ్మాయి ఈడుదానివి."

టైలరమ్మ, "నేనసలు కడగలేదు. తడిగుడ్డ అద్దానంతే" అంది. మాస్టారు ఇంకా నయం. "నీళ్లతోనే. నిబంధన కడుక్కోవద్దని. కడుక్కోవడం అంటే సబ్బుతో అని నేను అన్వయించుకున్నాను" అన్నారు. మిగతావాళ్లని కూడా ఒక్కొక్కరినే అడిగాను. ఒకరి నుంచి ఒకరికి ఆ మాట పాకింది. కొలిచేది జిడ్డట, ఆ పిల్ల మంచిదట, కాస్త శుభ్రంగా వెళ్దాం. ఎవరూ సబ్బు వాడలేదన్నారు. గదిలో వాసన మాత్రం సబ్బుదే.

మోసం చేద్దామని ఒక్కరికీ లేదు. నా మీద గౌరవం.

వచ్చేవారం మాత్రం తడిగుడ్డ కూడా తగలనివ్వకండి అని చెప్పాను. ఎందుకు చెప్పానో, మామూలు జాగ్రత్త. వాళ్లు తల ఊపారు, హోమ్‌వర్కు చెయ్యని పిల్లల్లా.


జూన్ 25

తగ్గినదాంట్లో సగం లోషన్ వల్లే అయి ఉంటుంది.


జూన్ 26

తుడుచుకున్నా జిడ్డు మళ్లీ ఊరుతుంది. అది పుస్తకంలోనే ఉంది. చల్లగదిలో అరగంట కూర్చున్నారు కదా. అరగంటలో కొంత ఊరే ఉంటుంది. తగ్గినదాంట్లో సగమైనా లోషన్ వల్లే.


జూన్ 27

సగం కాకపోతే పావు.

అయినా ఇదేమన్నా గుండెమందా? మొహానికి పూసుకునే నీళ్లు. ఎవరి ప్రాణాలూ పోవు. బస్సులో వస్తుంటే ఇదే అనుకున్నాను. నా స్టాపు దాటిపోయింది.


జూలై 1

చివరి కొలతలు.

మాట నిలబెట్టుకున్నారు. మొదటి రోజు దర్జా లేదు. మెరుస్తున్న మొహాలు నేలకేసి దించుకుని కూర్చున్నారు, ఆస్పత్రిలో చొక్కా విప్పమన్నట్టు. ఫ్యాను గురించీ పిల్లల గురించీ ఎవరూ మాట్లాడలేదు. నేను టేపు పెట్టినప్పుడు డ్రైవరుగారు కళ్లు మూసుకున్నారు.

అంకెలు మొదటి రోజు ఎక్కడున్నాయో అక్కడికే వచ్చాయి. పావు కూడా లేదు.

మేడం రెండుసార్లు చూసి, "ఏసీ సరిగ్గా పనిచేసిందా?" అన్నారు.

"చేసింది."

"చెయ్యలేదని రాద్దాం. ఈ రోజువి తీసేసి, రెండు వారాల పరీక్ష అని పేరు మారుద్దాం. రెండు వారాలకే సగం తగ్గిందంటే కంపెనీకి ఇంకా మంచిది."

"మేడం, రెండోసారి వాళ్లు తుడుచుకుని వచ్చారు."

ఆమె పెన్ను కింద పెట్టారు. "ఎవరు చెప్పారు?"

"వాళ్లే."

"మొదటిసారి తుడుచుకోనివాళ్లు రెండోసారి ఎందుకు తుడుచుకున్నారు?"

అరిచి ఉంటే బాగుండేది. మామూలుగానే అడిగారు. చెప్పాను. సీబమ్ అంటే ఏమిటో వాళ్లకి నేను చెప్పానని.

"చెప్పొద్దన్నాను కదా."

"అన్నారు."

"ఎందుకొద్దన్నానో కూడా చెప్పాను."

"చెప్పారు."

ఆమె మొహంలో కోపం కన్నా అలసట ఎక్కువగా కనిపించింది. "చూడు. తుడుచుకున్నారని రిపోర్టులో రాస్తే ఎవరి వల్ల తుడుచుకున్నారో కూడా రాయాలి. అలాంటి అమ్మాయిని పర్మనెంటు చెయ్యమని నేను పైవాళ్లని అడగలేను. శిక్షణ సంగతి వదిలెయ్. కొలిచింది నువ్వు కాబట్టి సంతకం నీదే ఉండాలి. శుక్రవారం పదింటికి రిపోర్టు వెళ్తుంది. నీ పర్మనెంటు కాగితం కూడా ఆ రోజే. నేను నిన్ను బెదిరించట్లేదు. జరిగేది చెప్తున్నాను."

నిజమే, బెదిరించలేదు.


జూలై 2

ఇంటికి వెళ్లేసరికి హాల్లో కొత్త సూట్‌కేసు. అన్నయ్య తెచ్చాడు. నీలం రంగు. చక్రాలు తిప్పి చూపించాడు. "నీ కాళ్లకి ఎలాగూ ఉన్నాయి, సామానుకి కూడా ఉండాలిగా" అన్నాడు. నెల క్రితమైతే గుచ్చుకునేది. ఇప్పుడు వాడు ప్రేమగానే అన్నాడు.

నాన్న పేపరు పక్కన పెట్టి మరీ నాతో మాట్లాడారు. "బొంగరం నిలబడుతుందని నేననుకోలేదు. కుదురుకున్నావు. సంతోషం."

ఎప్పుడూ తప్పుగానే చదువుతారు నన్ను. తిట్టినప్పుడూ అంతే, మెచ్చుకున్నప్పుడూ అంతే.

భోజనాల దగ్గర చెప్పబోయాను. ఒక సంతకం విషయంలో కొంచెం ఇబ్బందిగా ఉంది అన్నాను.

"ఏం ఇబ్బంది?" అన్నారు నాన్న.

"లోషన్ పనిచెయ్యలేదు. చేసిందని రాయమంటున్నారు."

"రాయమన్నది ఎవరు?"

"మేడం."

"మరి ఆవిడకి లేని బాధ నీకేంటి?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు అన్నయ్య.

"ప్రతిచోటా నీకో వంక దొరుకుతుంది" అన్నారు నాన్న. మొహంలో ఆ సంతోషం అప్పుడే సగం ఆరిపోయింది. "మొదటిచోట పని లేదన్నావు. రెండోచోట పని చూసేవాళ్లు లేరన్నావు. ఇక్కడ పనుంది, చూసేవాళ్లున్నారు, మెచ్చుకునేవాళ్లున్నారు. ఇప్పుడు ఇది."

అమ్మ నా పళ్లెంలో ఇంకాస్త వడ్డించింది. వద్దన్నా వడ్డించింది.

వదిన మాత్రం, "ఆ లోషన్ ఎంత పూసినా ఏమీ తగ్గదా?" అంది.

"తగ్గదు."

"సీసా మీద తగ్గుతుందని ఉంటుందా?"

"ఉంటుంది. సగానికి సగం తగ్గుతుందని."

ఆమె మంచినీళ్లు తాగింది.


జూలై 3, పొద్దున

సంతకం పెడతాను. ఇక్కడ రాసేశాను కాబట్టి ఇంక తిరుగు లేదు.


జూలై 3, మధ్యాహ్నం, క్యాంటీన్

పెడతాను.

కారణాలు: ఒకటి, నేను కొలిచిన అంకెలు అబద్ధం కాదు. టేపు చూపించిందే రాశాను. రెండు, ఇలాంటివి అన్ని ల్యాబుల్లోనూ ఉంటాయి. మూడు, శిక్షణకి వెళ్తే అక్కడ నేర్చుకుని ముందు ముందు అన్నీ సరిగ్గా చేస్తాను. నాలుగు

నాలుగోది దొరకలేదు. టీ చల్లారింది.


జూలై 3, సాయంత్రం

ల్యాబు నుంచి వస్తూ సూపర్‌మార్కెట్లోకి వెళ్లాను. కొనడానికేమీ లేదు. మొహానికి రాసుకునేవి ఉన్న అర దగ్గర నిలబడ్డాను. సీబమ్ కంట్రోల్, సీబమ్ బ్యాలన్స్, సీబమ్ ఫ్రీ. జిడ్డు అని ఒక్క సీసా మీద కూడా లేదు. ఒకమ్మాయి వచ్చింది, కాలేజీ పిల్ల. ఒక సీసా తీసి వెనక్కి తిప్పి చదివింది. ఇంకోటి చదివింది. ఆ మాట దగ్గర పెదాలు కదిపి ఆగింది, అర్థం కానప్పుడు ఆగినట్టు. ఆ తర్వాత సీసా సంగతి వదిలేసి, అర పక్కనున్న చిన్న అద్దంలో తన నుదురు చూసుకుంది. వేలితో రుద్దింది. రెండో సీసా బుట్టలో వేసుకుని వెళ్లిపోయింది.

ఆ సీసా పనిచెయ్యకపోతే ఆ పిల్ల సీసాని ఏమీ అనదు. తన మొహాన్నే అనుకుంటుంది. ఇంకా రుద్దుతుంది, ఇంకా కడుగుతుంది. బుగ్గలు పగిలేదాకా కడుగుతుంది. సగానికి సగం తగ్గుతుందని రాసి ఉంది కదా, అందరికీ తగ్గి తనకే తగ్గలేదంటే తప్పు ఎవరిది?

మధ్యాహ్నం రాసిన మూడు కారణాలూ మళ్లీ చదివాను. టేపు చూపించిందే రాశానట. టేపుకి తడిగుడ్డ సంగతి తెలియదు. నాకు తెలుసు. మిగతా రెండూ నాన్నకి చెప్పడానికి పనికొచ్చేవి. నాకు కాదు.

తప్పు మేడందే అని కూడా రాయబోయి ఆగాను. ఆమె చెప్పొద్దన్నారు, నేను చెప్పాను. చెప్పి ఉండకపోతే మొదటి రోజులాగే కూర్చునేవాళ్లు, అంకెలు కదిలేవి కావు, లోషన్ పనిచెయ్యదని తేలిపోయేది, నాకు ఈ గొడవ ఉండేది కాదు. అలాగని ఆ మాట చెప్పినందుకు బాధగా కూడా లేదు. తమ మొహం మీద ఏం కొలుస్తున్నారో తెలుసుకునే హక్కు వాళ్లకుంది. చెప్పి, ఆ తర్వాత తుడుచుకోకుండా చూసుకోవాల్సింది. అది నా పని. చెయ్యలేదు.

నన్ను పొగరుబోతు అనీ, నిలకడ లేనిదనీ ఇంట్లో రేపు కూడా అంటారు. ఎల్లుండి కూడా అంటారు. ఈసారి సూట్‌కేసు కూడా చూపించి అంటారు.


జూలై 4, శుక్రవారం, ఉదయం

నిద్ర సరిగ్గా పట్టలేదు. అమ్మ నా మొహం చూసి, "జ్వరమా?" అంది. కాదన్నాను.

నిర్ణయం ఇది. మేడం రాసిన రిపోర్టు మీద సంతకం పెట్టను. మూడుసార్లు కొలిచిన అంకెలూ ఉన్నవి ఉన్నట్టు పెట్టి వేరే రిపోర్టు రాశాను. రెండోసారి వచ్చినవాళ్లు మొహం తుడుచుకుని వచ్చారనీ, వాళ్లకి సీబమ్ అంటే ఏమిటో చెప్పింది నేనేననీ, మూడోసారి ఏసీ బాగానే పనిచేసిందనీ, లోషన్ జిడ్డును తగ్గించలేదనీ అందులో ఉంది. దాని కింద సంతకం పెట్టాను. పదింటికి అది మేడం బల్ల మీద పెడతాను. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాను. మామయ్య షాపుకి వెళ్లను.